పంతులుగారి వంటిల్లు ఎటు?

ఆదివారం పొద్దున్నే తిరువూరులో కారు కదిలేసరికి ఇంట్లో గొడవ ఇంకా తేలలేదు. ఐదో తరగతి పిల్లవాడికి పాపికొండలు కావాలి. ఎనిమిదో తరగతి పిల్లకు విజయవాడలో మాల్ కావాలి. తండ్రికి ఎక్కడికైనా సరే, పొద్దుగూకేసరికి ఇంటికి చేరితే చాలు. పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్న నాయనమ్మ మాత్రం రాజమండ్రి అంది. గోదాట్లో మూడు మునకలు వేయాలి, తర్వాత వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూడాలి. "ఇల్లు చూడ్డానికి అంత దూరమా నాయనమ్మా? మనకి ఇల్లు లేదా?" అన్నాడు మనవడు. అందరూ నవ్వారు. కారు సత్తుపల్లి దారి పట్టింది.

ఆ దారే ఒక తమాషా. తిరువూరు దాటాక తెలంగాణలోకి వెళ్లి, అశ్వారావుపేట వెనకపడ్డాక మళ్లీ ఆంధ్రలోకి రావాలి. జంగారెడ్డిగూడెం, దేవరపల్లి, కొవ్వూరు. అక్కడ రోడ్డు, రైలు ఒకే వంతెన మీద. కారు పైన పోతుంటే కింద గూడ్సు బండి గోదావరి దాటుతోంది. పిల్లవాడు కిటికీకి అతుక్కుపోయాడు. పాపికొండలు ఆ క్షణానికి మర్చిపోయాడు.

వంకాయలవారి వీధిలో ఆ ఇంటి ముందు దిగగానే పిల్లలు గోడలకున్న పటాల వైపు వెళ్లారు. తండ్రి ఫోన్ తీసి ఫొటోలు మొదలుపెట్టాడు. నాయనమ్మ గడప దగ్గరే నిలబడి లోపలికి చూసింది. పటాలు చూడలేదు, రాతలు చదవలేదు. అక్కడున్న ఉద్యోగిని ఒకే ఒక్క మాట అడిగింది.

"వంటిల్లు ఎటు నాయనా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. ఆ ప్రశ్న ఆయనకు కొత్తదే అయ్యుంటుంది. పుట్టిన తేదీ అడిగేవాళ్లుంటారు, ఎన్ని పుస్తకాలు రాశారని అడిగేవాళ్లుంటారు. వంటింటి సంగతి ఎవరికి కావాలి?

నిజానికి ఈ ఇంటికి వచ్చినవాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న అదే. ఈ ఇంటి కథలో సగం వంటింట్లోనే నడిచింది.

ఆ పెళ్లికి వంట ఎవరు చేశారు?

1881 డిసెంబరు 11. రాజమండ్రి ఊరంతా రెండుగా చీలిన రోజు. ప్రభుత్వ కళాశాలలో తెలుగు పండితుడిగా పనిచేస్తున్న కందుకూరి వీరేశలింగం తన ఇంట్లో ఒక పెళ్లి జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు పన్నెండేళ్ల బాలవితంతువు గౌరమ్మ. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన పిల్ల. ఆంధ్రదేశంలో ఆధునిక కాలంలో జరిగిన తొలి వితంతు వివాహంగా చరిత్రకెక్కింది ఇదే. నాలుగు రోజులకే, డిసెంబరు 15న, రెండో పెళ్లి కూడా అయింది.

చట్టం అడ్డు లేదు. వితంతు పునర్వివాహానికి 1856లోనే అనుమతి వచ్చింది. పాతికేళ్లు గడిచినా తెలుగునాట ఆ చట్టాన్ని వాడుకున్న ఇల్లు లేదు. చట్టం కలకత్తాలో ఉంది, భయం మాత్రం వీధిలో ఉంది. పెళ్లికి పోలీసు బందోబస్తు పెట్టాల్సి వచ్చింది. కళాశాల విద్యార్థులు పంతులుగారికి అండగా నిలబడ్డారు. బసవరాజు గవర్రాజు, చల్లపల్లి బాపయ్య లాంటి మిత్రులు వెంట ఉన్నారు. కాకినాడ వ్యాపారి పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఎంతో కొంత కనిపించే సంగతే.

పాఠ్యపుస్తకం చెప్పనిది ఆ ఇంటి వెనక భాగం. పెళ్లి చేస్తున్నారని తెలియగానే వంటవాళ్లు రామన్నారు. నీళ్లు మోసేవాళ్లు మానేశారు. చుట్టాలు రాకపోకలు ఆపేశారు. పీఠం నుంచి వెలి వచ్చింది. ఆ రోజుల్లో వెలి అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పడం కష్టం. శుభకార్యానికి పిలుపు ఉండదు, చావుకు మోసే భుజం ఉండదు, పక్కింటి బావిలో చేద వేయనివ్వరు. అంత జరుగుతుంటే ఆ ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసింది వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ. పుట్టింట ఆమె పేరు బాపమ్మ. గోదావరి నుంచి తానే బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, తానే వండి, తానే వడ్డించింది. భర్తను వదిలి వచ్చేయమని అయినవాళ్లు నచ్చజెప్పినా కదల్లేదు.

పంతులుగారు ఉపన్యాసాలిచ్చారు, పత్రిక నడిపారు, శాస్త్రాలు తిరగేసి వాదించారు. అవన్నీ గొప్ప పనులే, సందేహం లేదు. కానీ పెళ్లికూతురు ఆ ఇంటికి వచ్చిన రోజు ఆ పిల్లకు తల దువ్విందెవరు, అన్నం పెట్టిందెవరు, భయపడితే పక్కన పడుకున్నదెవరు? అలాంటి ఇంట్లో ఈ పనులన్నీ ఎవరి చేతుల మీద పడతాయో ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది.

తిరువూరు నాయనమ్మకు ఇది పుస్తకం చదివి తెలిసిన సంగతి కాదు. వాళ్ల నాన్న మేనత్త ఒకావిడ పదకొండేళ్లకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిందట. తెల్లచీర, బోడి తల, వెనక వసారాలో ఒక చాప. ఇంటికి ఎవరొచ్చినా ఎదురు రాకూడదు. ఇంటెడు వంటా ఆవిడదే, పంక్తిలో మాత్రం చోటు లేదు. "అందరూ ఆవిణ్ణి అమ్మక్క అనేవాళ్లు. అసలు పేరు నాకు తెలీదు" అంది నాయనమ్మ, పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని. ఈ సంగతి ఆమె కొడుక్కు కూడా అప్పటిదాకా తెలియదు. నలభై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు, అయినా ఎప్పుడూ ప్రస్తావన రాలేదు.

మనవరాలు మాట్లాడలేదు. కాసేపటికి, "గౌరమ్మ నాకంటే చిన్నదా?" అంది. ఆ పిల్లకు పదమూడు.

[బాక్సు] మూడేళ్లలో వెయ్యికి పైగా

పన్నెండేళ్ల వితంతువులు అంతమంది ఎలా పుట్టుకొచ్చారు? జవాబు విజయనగరంలో దొరుకుతుంది. ఆ సంస్థానం మహారాజు కన్యాశుల్కం పెళ్లిళ్ల లెక్క తీయించారు. ఆ వివరాలను గురజాడ అప్పారావు తన 'కన్యాశుల్కం' నాటకం ముందుమాటలో పేర్కొన్నారు. మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో అలాంటి పెళ్లిళ్లు 1,034. ఐదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. ఏడాది వయసున్నవాళ్లు కూడా ముగ్గురున్నారు. వరుళ్లలో ముసలివాళ్లకు కొదవ లేదు. భర్త పోయే నాటికి పిల్లకు ఊహ తెలిసేది కాదు. ఆ నాటకం మొదటిసారి రంగస్థలమెక్కింది 1892లో. గురజాడ కన్నుమూసింది 1915 నవంబరు 30న. విజయనగరంలో ఆయన ఇల్లు ఇప్పుడు స్మారక గృహం. రాజమండ్రి ఇంటికి అది జంట అనుకోవచ్చు. ఒక ఇల్లు జబ్బును రాసిపెట్టింది, ఇంకో ఇల్లు మందు పోసింది.

పిల్లల్లేని దంపతుల ఇల్లు

వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. నాలుగేళ్లకే తండ్రి పోయాడు. తల్లి పున్నమ్మ పెంచింది. ఆ పుట్టినరోజును ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నారు. 1874లో 'వివేకవర్ధని' పత్రిక పెట్టారు. అదే ఏడాది ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి తెరిచారు. 1878లో 'రాజశేఖర చరిత్రము' నవల వచ్చింది. 1890లో ఊరికి టౌన్ హాలు కట్టించారు. జీవితకాలంలో నలభై వరకు వితంతు వివాహాలు జరిపించారు. 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి తొమ్మిదేళ్ల ముందే, 1910లో, రాజ్యలక్ష్మమ్మ వెళ్లిపోయింది.

దంపతులకు పిల్లల్లేరు. 1906లో హితకారిణీ సమాజం నెలకొల్పి, సంపాదించిందంతా దానికి రాసిచ్చేశారు. ఈ ఒక్క వివరం దగ్గర కాస్త ఆగాలి. తెలుగునాట పెద్దవాళ్ల ఇళ్లు చాలావరకు మ్యూజియాలు కాలేకపోవడానికి కారణం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. వారసులు నలుగురుంటారు. ఇల్లు నాలుగు వాటాలవుతుంది. ఒక వాటాదారు అమ్మాలంటాడు, ఒకడు అమెరికాలో ఉంటాడు, ఒకడు కోర్టుకెక్కుతాడు. ఈలోగా పెంకులు జారతాయి, దూలాలకు చెదలు పడుతుంది. ఊరు నడిమధ్యలో స్థలం ధర ఆకాశాన్నంటుతుంది. చివరికి బిల్డరు వస్తాడు. ఎవరినీ తప్పుపట్టలేం. పాత ఇంటిని పోషించడం జీతం డబ్బులతో అయ్యే పని కాదు.

పంతులుగారి ఇంటికి ఆ బెడద తప్పింది. ఇప్పుడు దాన్ని రాష్ట్ర పురావస్తు శాఖ చూసుకుంటోంది.

ఒక పెద్ద మనిషి పుట్టిన ఇంటిని జనమే కాపాడుకోవాలన్న ఆలోచన ప్రపంచంలో కూడా మరీ పాతదేమీ కాదు. ఇంగ్లండులో స్ట్రాట్‌ఫర్డ్‌లోని షేక్స్పియర్ పుట్టిన ఇల్లు 1847లో వేలానికి వచ్చింది. జనం చందాలు వేసుకుని 3,000 పౌండ్లకు కొన్నారు. సరిగ్గా ఆ మరుసటేడే ఇక్కడ వీరేశలింగం పుట్టారు. అమెరికాలో జార్జి వాషింగ్టన్ ఇంటిని 1850లలో ప్రభుత్వం పట్టించుకోకపోతే ఆడవాళ్లు సంఘం పెట్టుకుని కొనేశారు. ఇప్పటికీ వాళ్ల సంఘమే నడుపుతోంది.

పోయినవి, మారినవి, మిగిలినవి

పేరు ఒకచోట, ఇల్లు ఒకచోట పడే విషయంలో తిరువూరు వాళ్లకు ఒక సొంత చమత్కారం ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు ఊరు కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. పేరు వచ్చింది కానీ, ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు మాత్రం పామర్రు మండలంతో పాటు కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. ఎన్టీఆర్ ఊరు చూడాలంటే ఎన్టీఆర్ జిల్లా వాళ్లు పొరుగు జిల్లాకు వెళ్లాలి!

ఇళ్ల తలరాతలు కూడా ఇలాగే ఉంటాయి. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. అది ఆయన ఇష్టం, అందులో తప్పు లేదు. ఆ ఏడాదే సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు మాత్రం, ఆ ఇంట్లో పాటల మ్యూజియం ఉంటే ఎంత బాగుండేదని అనుకున్న అభిమానులు లేకపోలేదు. అదే 2020లో విజయనగరం కోటలోని మోతీమహల్‌ను కూలగొట్టారు. హైదరాబాదులో ఎర్రమంజిల్ భవనం కూడా ఆ దారిలోనే ఉండేది. కొత్త అసెంబ్లీ భవనం కోసం దాన్ని తీసేయాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది కాబట్టి నిలబడింది.

సాలార్‌జంగ్ మ్యూజియం అనగానే మూసీ ఒడ్డున ఉన్న పెద్ద భవనం గుర్తొస్తుంది. ఆ మ్యూజియం మొదలైంది మాత్రం ఒక ఇంట్లో. మూడో సాలార్‌జంగ్ పెళ్లి చేసుకోలేదు. 1949లో ఆయన పోయాక, ఆయన ఉన్న దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16న నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1968లో వస్తువులు కొత్త భవనానికి తరలిపోయాయి. ఇప్పుడు జనం గడియారంలోంచి బయటికొచ్చి గంట కొట్టే బొమ్మను చూసి చప్పట్లు కొడతారు. ఆ గడియారం ఎవరి ఇంట్లో మోగేదో అడిగేవాళ్లు అరుదు. వస్తువులు బతికాయి, ఇల్లు పోయింది.

మద్రాసులో దీనికి భిన్నమైన కథ. మైలాపూర్‌లో రాయపేట హైరోడ్డు 126 నంబరు ఇంట్లో పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకు కూర్చున్నారు. 58 రోజుల తర్వాత డిసెంబరు 15 రాత్రి ప్రాణం పోయింది. ఇప్పుడది అమరజీవి స్మారక భవనం. అయితే ఆ ఇల్లు శ్రీరాములుది కాదు, బులుసు సాంబమూర్తిది. దీక్షకు చోటెక్కడా దొరకని రోజుల్లో తన గుమ్మం తెరిచిన మనిషి ఆయన. తన కళ్లముందు, తన ఇంట్లో ఒక మనిషి అంగుళం అంగుళం కరిగిపోతుంటే ఆ ఇంటివాళ్లు 58 రోజులు ఏం తిన్నారో, ఎలా తిన్నారో! చరిత్ర పుస్తకాలు ఈ ప్రశ్న వేయవు. ఇల్లు చూసినవాళ్లకే తడుతుంది.

బల్ల, కళ్లజోడు, కలం

మన స్మారక గృహాల్లో కనిపించేది దాదాపు ఒకే వరస. ఒక బల్ల, కుర్చీ, కళ్లజోడు, కలం, కండువా. గోడ నిండా ఫొటోలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, బిరుదులు. పిల్లవాడు రెండు నిమిషాల్లో ఒక చుట్టు తిరిగి, "అయిపోయిందా?" అంటాడు. తప్పు పిల్లవాడిది కాదు. గాజు అల్మారాలో కళ్లజోడు ఎవరిదైనా కళ్లజోడులాగే ఉంటుంది.

ఇల్లన్నది మామూలు మ్యూజియం కాదన్న సంగతి మనం మర్చిపోతున్నాం. మామూలు మ్యూజియంలో వస్తువును చూస్తాం. ఇంట్లో గదినే చూడాలి. ఈ గదిలో పెళ్లి జరిగింది, ఈ గుమ్మం దగ్గర ఊరు నిలబడింది, ఈ దారినే బిందె లోపలికొచ్చింది. అలా చెప్పేవాళ్లుంటే ఖాళీ గది కూడా చాలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ కుటుంబం నాజీలకు దొరక్కుండా దాక్కున్న ఇంటిని 1960లో మ్యూజియంగా తెరిచారు. ఆ దాగిన గదుల్లో సామాను ఉండకూడదని, ఖాళీగానే ఉంచాలని కోరుకున్నది ఆ పిల్ల తండ్రి ఒట్టో ఫ్రాంక్. నాజీలు సామానంతా పట్టుకుపోయారు కాబట్టి, ఆ ఖాళీయే సాక్ష్యం కావాలన్నాడు. ఏటా లక్షల మంది వరసలో నిలబడి ఆ ఖాళీ గదులనే చూసి వస్తున్నారు.

అంత దూరం ఎందుకు, కోల్‌కతా జోరాసాంకోలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇంట్లో ఆయన భార్య మృణాళినీదేవి వంటగది కూడా చూసే ఏర్పాటు ఉంది. కవి రాసిన గదితో పాటు ఆ కవికి అన్నం వండిన గదికి కూడా చోటిచ్చారు. రాజమండ్రి ఇంటికి కావలసింది సరిగ్గా ఇదే. తెలుగు ఇళ్లన్నిటిలో వంటిల్లు చరిత్రకెక్కిన ఇల్లు ఏదైనా ఉంటే అది వంకాయలవారి వీధిలోదే.

హైదరాబాదు వెళ్లే కుటుంబాలకు ఈ కథలో ఇంకో అంకం ఉంది. నాంపల్లి దగ్గర గోల్డెన్ త్రెషోల్డ్ అనే పాత ఇల్లు. సరోజినీ నాయుడు తండ్రి, నిజాం కళాశాలకు ఆద్యుడు అఘోరనాథ్ చటోపాధ్యాయ కుటుంబం ఉన్న ఇల్లు. 1905లో వచ్చిన సరోజిని కవితా సంపుటి పేరే ఇంటి పేరైంది. ఆమె కూతురు పద్మజా నాయుడు దాన్ని దానం చేస్తే, 1970లలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదటి అడుగులు అక్కడే వేసింది. బెంగాలీ అమ్మాయి సరోజినికి, తెలుగువాడైన డాక్టరు గోవిందరాజులు నాయుడుకు 1898లో మద్రాసులో కులాంతర వివాహం జరిగింది. జరిపించింది ఎవరనుకున్నారు? రాజమండ్రి పంతులుగారే! గౌరమ్మ పెళ్లి అయిన పదిహేడేళ్లకు.

[బాక్సు] పిల్లలతో వెళ్తున్నారా?

చిన్నపిల్లలకు సంఘ సంస్కరణ ఒక్కటే పెడితే విసుగొస్తుంది. రాజమండ్రిలో రోజు గడపాలంటే ఉదయం పుష్కర ఘాట్, తర్వాత పంతులుగారి ఇల్లు, ఆయన కట్టించిన టౌన్ హాలు, మధ్యాహ్నం రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం, సాయంత్రం ధవళేశ్వరంలో ఆనకట్ట పక్కన కాటన్ మ్యూజియం సరిపోతాయి. ఆనకట్ట పని 1847లో మొదలై 1852కు ముగిసింది. పిల్లలు నీళ్లు దూకే చోటే ఎక్కువసేపు నిలబడతారు, తొందరపెట్టకండి. హైదరాబాదు వెళ్తే పురానీ హవేలీ చూపించండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల అల్మారా రెండంతస్తుల్లో నూటయాభై అడుగులకు పైగా ఉంటుంది. వేసిన బట్ట మళ్లీ వేయలేదని చెప్పుకుంటారు. పండక్కి ఒక్క జత కొనిపెట్టిన తల్లిదండ్రులు ఆ సంభాషణకు సిద్ధపడి వెళ్లాలి. వారంలో సెలవు రోజు ఒక్కో మ్యూజియానికి ఒక్కోలా ఉంటుంది. బయల్దేరే ముందు కనుక్కోవడం మంచిది.

పుష్కరాల లెక్కలో పాత ఇల్లు

ఇప్పుడీ సంగతులన్నీ మాట్లాడుకోవడానికి కారణం ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు. రాజమండ్రిలో ఎక్కడ చూసినా ఆ ఏర్పాట్ల మాటే. 2025 జూన్‌లో 'అఖండ గోదావరి' పేరుతో సుమారు 94 కోట్ల రూపాయల పర్యాటక ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన హేవ్‌లాక్ వంతెనకు కొత్త సింగారం, పుష్కర ఘాట్‌కు మెరుగులు, కడియం నర్సరీలు, నిడదవోలు కోట సత్తెమ్మ గుడి. ఇవే ఎక్కువగా వినిపిస్తున్న పేర్లు. అన్నీ కావలసినవే. వందేళ్ల వంతెన మీద సాయంత్రం పూట నడవడం ఎవరికి చేదు?

అయితే పుష్కరాలకు వచ్చే కుటుంబం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోవాలి. ముసలివాళ్లుంటారు, పిల్లలుంటారు. స్నానం గంటలో అయిపోతుంది. పోయినవాళ్లకు పిండం పెట్టడం ఇంకో గంట. మిగతా రోజంతా ఏం చేయాలి? పెద్దవాళ్లను తలచుకోవడానికి వచ్చిన జనం వాళ్లు. పితృదేవతల్లో అమ్మక్కలాంటి పేరు తెలియని ఆడవాళ్లు ఎంతమంది! వాళ్లను తలచుకోవడానికి ఘాట్‌కు దగ్గర్లో ఇంతకంటే తగిన చోటు ఇంకోటి దొరకదు.

కోట్లు అక్కర్లేదు. మొదటిది, కథ చెప్పే మనిషి కావాలి. రాజమండ్రిలో కళాశాలలకు కొదవ లేదు, చరిత్ర చదివే పిల్లలకు శనాదివారాలు ఆ పని అప్పగించి కొంత భత్యం ఇవ్వొచ్చు. పది నిమిషాల కథ, అంతే. 1881 డిసెంబరు 11 పొద్దుట మొదలుపెట్టి రాత్రికి ముగించాలి. రెండోది, గౌరమ్మ పేరు, శ్రీరాములు పేరు పెద్ద అక్షరాలతో కనబడాలి. ఊరంతటినీ ఎదిరించింది పంతులుగారు ఒక్కరే కాదు. ఆ పెళ్లిపీటల మీద కూర్చున్న ఇద్దరికీ కూడా ధైర్యం కావలసి వచ్చింది. మూడోది, రాజ్యలక్ష్మమ్మకు ఒక గది. ఆమె వస్తువులు ఏమీ మిగలకపోయినా ఫరవాలేదు. ఒక పొయ్యి, ఒక బిందె పెట్టి, ఇక్కడి నుంచి గోదావరి ఎంత దూరమో గోడ మీద రాస్తే చాలు. పిల్లలు ఆ దూరం నడిచి చూస్తారు.

ఆ రోజు మనవరాలు చేసింది సరిగ్గా అదే. నాయనమ్మ మునక వేసిన చోటు నుంచి మళ్లీ ఆ ఇంటి దాకా నడిచి వస్తానని పట్టుబట్టింది. తండ్రి కారు తీస్తానన్నా వినలేదు. తల్లి నీళ్ల సీసా ఒకటి చేతికిచ్చి, "అది బిందె అనుకో" అంది. దారి మధ్యలో తమ్ముడు ఆ సీసా నీళ్లు తాగేశాడు. అక్కాతమ్ముళ్లకు అక్కడో పెద్ద గొడవ.

పురావస్తు శాఖకు, పుష్కరాల ఏర్పాట్లు చూస్తున్న అధికారులకు ఈ కథనం తరఫున విన్నపం ఒక్కటే. 2027కు ముందు ఆ ఇంటికి ఒక కథకుణ్ణి, రాజ్యలక్ష్మమ్మకు ఒక గదిని ఇవ్వండి. పాఠకులు మాత్రం అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఈ సెలవుల్లో వెళ్లండి, వెళ్లేటప్పుడు ఇంట్లో పెద్దావిడను తప్పకుండా కారెక్కించండి. ఆమెకు తెలిసిన అమ్మక్కల పేర్లు దారిలోనే అడిగి, ఒక కాగితం మీద రాసుకోండి.